దుప్పటి మడత దగ్గరే ఆగిపోయాం

పోయిన గురువారం మా ఆఫీసులో టీమ్ లీడ్స్‌కి ఒక రోజు లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టారు. గచ్చిబౌలిలో పనిచేసేవాళ్ళకి ఇవి కొత్తేమీ కాదు. పొద్దున టీ, బిస్కెట్లు, ఆ తర్వాత ఒక వీడియో. ఈసారి అమెరికా నేవీ అడ్మిరల్ విలియం మెక్‌రేవెన్ 2014 మేలో టెక్సస్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో చేసిన ప్రసంగం వేశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రపంచాన్ని మార్చాలనుకుంటే ముందు పొద్దున్నే లేచి మీ పక్క సర్దుకోండి అంటాడాయన.

వీడియో అయ్యాక ట్రైనర్ హోంవర్క్ ఇచ్చారు. మర్నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు, లేవగానే పక్క సర్ది ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. శుక్రవారం ఆరున్నరకల్లా గ్రూపులో పదకొండు దుప్పట్లు కనిపించాయి. నేను పెట్టలేదు. పక్క సర్దుకోవడం మీద నాకేం కోపం లేదు, మా అమ్మ చిన్నప్పట్నుంచీ మా చేత ఆ పని చేయించేది. కానీ ఈ మనిషి గురించి నాలుగైదేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను. ముప్పై ఏడేళ్ళ సర్వీసులోంచి మనం ఏరుకున్నది ఈ దుప్పటి ఒక్కటేనా అని మనసుకి కష్టంగా అనిపించింది.

మా ఇల్లు అల్వాల్‌లో. కంటోన్మెంట్ పక్కన పుట్టి పెరిగినదాన్ని. యూనిఫాం అంటే నాకు గౌరవం ఉంది, ఇష్టం కూడా. ఇది రాస్తున్నది ఆ ఇష్టంతోనే.

తీసేశారు, తర్వాత చదువుకున్నాడు

మెక్‌రేవెన్ 1977లో నేవీలో చేరాడు. చదివింది జర్నలిజం. 1983లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, నేవీ కమాండో దళం సీల్ టీమ్ సిక్స్‌లో పనిచేస్తుండగా పై అధికారి ఆయన్ని పక్కన పెట్టేశాడు. స్పెషల్ ఆపరేషన్స్‌లో ఒకసారి అలా ముద్ర పడ్డాక మళ్ళీ నిలబడటం మామూలు విషయం కాదు. అక్కడ అందరూ అందరికీ తెలుసు, మాట చాలా తొందరగా పాకుతుంది. ఉద్యోగం మానేద్దామా అనుకున్న రోజుల్లో భార్య వద్దని ఆపిందని తర్వాత ఆయనే చెప్పాడు. ఇంకో టీముకి మారాడు, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు.

దాని తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. ఆయన చదువుకోవడానికి వెళ్ళాడు. మాంటెరీలోని నేవీ పోస్ట్‌గ్రాడ్యుయేట్ కళాశాలలో చేరి 1993లో ఒక థీసిస్ రాశాడు. గోడ వెనక ఉన్నవాడికి బలం ఎక్కువ, దాడికి వచ్చేవాడికి తక్కువ. అలాంటప్పుడు గుప్పెడు మంది వెళ్ళి పెద్ద బలగాన్ని ఎలా గెలుస్తారు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఎనిమిది పాత దాడుల్ని విప్పి చూశాడు. 1940లో బెల్జియం కోట మీద జర్మన్లు గ్లైడర్లతో దిగడం దగ్గర్నుంచి 1976లో ఉగాండాలోని ఎంటెబీలో ఇజ్రాయెల్ వాళ్ళు బందీల్ని విడిపించడం దాకా. చివరికి ఆరు సూత్రాలు తేల్చాడు: పథకం సరళంగా ఉండాలి, గుట్టు దాగాలి, మళ్ళీ మళ్ళీ సాధన చేయాలి, ఎదుటివాడు ఊహించని వేళ వెళ్ళాలి, వేగం ఉండాలి, ఎందుకు వెళ్తున్నామో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఆ ఎనిమిదింటిలో సోన్ టే కూడా ఉంది. 1970 నవంబర్‌లో ఉత్తర వియత్నాంలో ఒక జైలు మీద అమెరికన్లు దాడి చేశారు. 56 మంది దిగారు. నెలల తరబడి సాధన చేశారు, ఒక్కరు కూడా చనిపోకుండా తిరిగొచ్చారు. జైల్లో మాత్రం విడిపించాల్సిన ఖైదీ ఒక్కడు కూడా లేడు. జులైలోనే వాళ్ళని అక్కడి నుంచి తరలించేశారు. దాడి ఎంత చక్కగా చేసినా ఖాళీ ఇంటి తలుపు కొట్టొచ్చని తెలిసిన మనిషి ఈయన. ఇది గుర్తుపెట్టుకోండి, అఫ్గానిస్తాన్‌లోని గర్దేజ్ దగ్గరికి వచ్చినప్పుడు అవసరం పడుతుంది.

2001 జులైలో పారాచూట్ ప్రమాదంలో కటి ఎముక విరిగింది. సెప్టెంబర్ 11న, తన వృత్తి అంతా ఏ రోజు కోసమో ఆ రోజున, ఆయన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఆ తర్వాత వైట్‌హౌస్‌లో ఉగ్రవాద నిరోధక విభాగంలో బల్ల ఉద్యోగం, 2008లో జాయింట్ స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ అధిపతి పదవి, 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడి, అదే ఏడాది మొత్తం స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ అధిపతి పదవి. ఇవన్నీ మీకు తెలిసినవే.

వల కంచె, అసలు గోడ

అబోటాబాద్ గురించి ఒక్క చిన్న వివరం చెప్తాను. ఉత్తర కరొలైనాలో ఆ ఇంటి నమూనా కట్టి సీల్స్‌తో సాధన చేయించారు. ఇంటి చుట్టూ ప్రహరీ ఉన్న చోట అక్కడ ఇనప వల కంచె పెట్టారు. హెలికాప్టర్ రెక్కల గాలి ఆ వల సందుల్లోంచి బయటికి పోయేది. అసలు ఇంటికి ఉన్నది ఎత్తైన గట్టి గోడ. 2011 మే 2న అర్ధరాత్రి దాటాక మొదటి హెలికాప్టర్ ఆవరణ మీద నిలవబోతే కిందికి కొట్టిన గాలి ఎటూ పోలేక లోపలే సుడి తిరిగింది. హెలికాప్టర్ పట్టు తప్పి తోక గోడ మీద పడింది. లోపలున్నవాళ్ళు దెబ్బలు తగలకుండా బయటపడ్డారు. జలాలాబాద్‌లో కూర్చుని చూస్తున్న మెక్‌రేవెన్ గొంతు మారకుండా వాషింగ్టన్‌కి సంగతి చెప్పి పని కొనసాగించాడు. అదనపు హెలికాప్టర్లు ముందే దగ్గర్లో పెట్టుకున్నారు కాబట్టి కొనసాగించగలిగాడు.

మా ట్రైనర్ దీన్ని 'ఒత్తిడిలో ప్రశాంతత' అన్నారు. నిజమే. కానీ నా కళ్ళు ఆ వల కంచె మీదే ఆగిపోయాయి. ఎందుకో చెప్తాను.

మూడేళ్ళ క్రితం నేను వేరే కంపెనీలో ఉన్నాను. ఒక ఫ్యాక్టరీ జీతాల సాఫ్ట్‌వేర్ మార్చే పని మా టీముది. శనివారం రాత్రి లైవ్‌కి వెళ్ళాలి. అంతకుముందు చాలాసార్లు రిహార్సల్ చేశాం, ప్రతిసారీ పాసయ్యింది. మా టెస్ట్ డేటాలో ఖాతా నంబర్లు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అసలు డేటాలో కాంట్రాక్టు కార్మికుల ఖాతా నంబర్లకి ముందు సున్నాలు ఉన్నాయి. ప్రోగ్రాం ఆ సున్నాల్ని మింగేసింది. దసరా ముందు మూడు వందల మందికి పైగా జీతం పడలేదు. పడేసరికి పండగ వెళ్ళిపోయింది. ఆ టెస్ట్ డేటా చూసి 'ఓకే' అన్నది నేను.

సోమవారం పైనుంచి వచ్చిన మెయిల్‌లో ఆ రాత్రి ప్రోగ్రాం నడిపిన కుర్రాడి పేరు ఉంది. ఖమ్మం పిల్లాడు, ఉద్యోగంలో రెండో ఏడు. నేను ఆ మెయిల్‌లో సీసీలో ఉన్నాను. చదివాను. జవాబు రాయలేదు. రెండు నెలలకి అతను రాజీనామా చేశాడు.

జీతం ఆలస్యం కావడానికీ, ఇప్పుడు చెప్పబోయేదానికీ పోలిక లేదు. నేను పోలుస్తున్నది పై మెట్టు మీద నిలబడ్డవాళ్ళ నోళ్ళని.

గర్దేజ్‌లో ఒక గుమ్మం

2010 ఫిబ్రవరి 12, తెల్లవారక ముందు. అఫ్గానిస్తాన్‌లో పక్తియా రాష్ట్రం, గర్దేజ్ దగ్గర ఖతాబా అనే ఊరు. ఒక ఇంట్లో పసిబిడ్డకి పేరు పెట్టే వేడుక జరిగింది. మన బారసాల లాంటిదే. చుట్టాలొచ్చారు, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. తాలిబన్లు ఉన్నారన్న తప్పుడు సమాచారంతో మెక్‌రేవెన్ కింద పనిచేసే దళం ఆ ఇంటి మీదికి వచ్చింది. ఏమిటా అని బయటికి వచ్చిన ఇంటి మగవాడు అమెరికన్ల దగ్గరే శిక్షణ పొందిన పోలీసు అధికారి. అతన్నీ, ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌గా పనిచేసే అతని సోదరుణ్ణీ కాల్చి చంపారు. ఇంట్లోని ముగ్గురు ఆడవాళ్ళు కూడా చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు గర్భిణులు.

నాటో మొదట ఇచ్చిన ప్రకటన చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. దళం వెళ్ళేసరికే ఆ ఆడవాళ్ళు కట్టేసి చంపబడి ఉన్నారని అందులో రాశారు. అంటే ఇంటివాళ్ళే చంపుకున్నారని లోకం అనుకునేలా. ఒక విలేకరి ఆ ఊరికి వెళ్ళి, ఇంటివాళ్ళతో మాట్లాడి రాస్తే తప్ప నిజం బయటపడలేదు. ఏప్రిల్ మొదటి వారంలో నాటో ఒప్పుకుంది.

ఏప్రిల్ 8న మెక్‌రేవెన్ స్వయంగా ఆ ఇంటికి వెళ్ళాడు. అప్పటికి ఆయన వైస్ అడ్మిరల్, వేలమంది మీద అధికారి. వెంట అఫ్గాన్ అధికారులు, అక్కడి ఆచారం ప్రకారం క్షమాపణ అడగడానికి తెచ్చిన గొర్రెలు. దాడి మొదలైన గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఇంటి పెద్ద లోపలికి రానిచ్చాడు. కొడుకుల్ని, ఇంటి ఆడవాళ్ళని పోగొట్టుకున్న ముసలాయన. ఆయన ఎదురుగా కూర్చుని, మీవాళ్ళని చంపిన సైనికులకి కమాండర్ని నేనేనని మెక్‌రేవెన్ చెప్పాడు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. తనకీ పిల్లలున్నారని, మనసు దుఃఖపడుతోందని అన్నాడు.

అందులో 'నేనే' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. తుపాకీ పేల్చింది ఆయన కాదు, ఆ రాత్రి ఆయన అక్కడ లేడు. 'దర్యాప్తు జరుగుతోంది' అనే ఒక్క వాక్యం రాయించి పంపి ఉండొచ్చు. ఇంకో సంవత్సరానికి అబోటాబాద్ దాడిని నడిపించింది ఇదే మనిషి. లోకానికి తెలిసింది ఆ రెండోదే. నా మటుకు నాకు, ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా కష్టమైన పని అబోటాబాద్ కాదు, గర్దేజ్ గుమ్మం. స్పెషల్ ఆపరేషన్స్‌లో పెద్ద అధికారి గొప్పతనాన్ని దేంతో కొలవాలి అని నన్నడిగితే దీంతోనే కొలుస్తాను. చీకట్లో జరిగిన పనిలో తప్పు జరిగినప్పుడు పగటి వెలుగులో ఆ ఇంటికి వెళ్ళాడా, లేదా?

ఇక ఎదురు మాటలు

ఇవి నాలో నేనే చాలాసార్లు అనుకున్నవి, కొన్ని మా కొలీగ్ ఒకరు లంచ్‌లో గట్టిగా అన్నవి.

విలేకరి రాయకపోతే ఆయన వెళ్ళేవాడా? వెళ్ళేవాడు కాదేమో. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆ ముసలాయన ఇంట్లో శవాలతో పాటు అబద్ధాన్ని కూడా మోశాడు. దీన్ని తక్కువ చేయలేను. క్షమాపణ అడిగాక రాత్రి దాడులు ఆగాయా అంటే ఆగలేదు. సంఖ్య ఇంకా పెరిగింది. ఆ యంత్రాన్ని అంత వేగంగా నడిపిన వాళ్ళలో ఆయన ఒకడు. సోన్ టే గురించి అంత శ్రద్ధగా రాసిన మనిషికి, తప్పుడు సమాచారంతో తలుపు కొడితే ఏమవుతుందో అందరికన్నా బాగా తెలియాలి. తెలిసీ ప్రతి రాత్రీ అన్ని తలుపులు కొట్టించాడు. ఈ ప్రశ్నకి నా దగ్గర ఆయన తరఫున చెప్పే జవాబు లేదు.

క్షమాపణ న్యాయం అవుతుందా? కాదు. న్యాయానికి కోర్టు కావాలి, సాక్ష్యం కావాలి, శిక్ష కావాలి. కానీ క్షమాపణ కూడా లేని చోట ఇంకేం మొదలవుతుంది?

మన దగ్గరికే వద్దాం. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు గారి పార్థివదేహం హకీంపేటలో దిగిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో అందరం బాల్కనీల్లో దీపాలు పెట్టాం. ఏడాదిన్నర తర్వాత, 2021 డిసెంబర్ 4న, నాగాలాండ్‌లో మోన్ జిల్లాలో ఓటింగ్ అనే ఊరి దగ్గర బొగ్గు గని పని చేసి పికప్ బండిలో ఇళ్ళకి వస్తున్న కూలీల మీద మన పారా స్పెషల్ ఫోర్సెస్ దళం కాల్పులు జరిపింది. తీవ్రవాదులనుకున్నారు. ఆరుగురు చనిపోయారు. దాని వెంట రేగిన గొడవల్లో ఇంకో ఎనిమిది మంది పౌరులు, ఒక సైనికుడు పోయారు. పొరపాటున జరిగిందని హోంమంత్రి పార్లమెంటులో విచారం తెలిపారు, సైన్యం కూడా విచారం ప్రకటించింది. మరుసటి ఏడాది నాగాలాండ్ పోలీసులు ముప్పై మంది మీద ఛార్జిషీటు వేశారు. విచారణకి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసుల్ని ముగించింది, అనుమతి వస్తే కొనసాగించవచ్చంటూ. కాల్పులు జరిగిన ఆ డిసెంబర్ వారమంతా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దాని గురించి ఒక్క మెసేజ్ రాలేదు. నేను కూడా పెట్టలేదు.

ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇది దూరపు సంగతేం కాదు. 1989లో గ్రేహౌండ్స్ పుట్టింది మన దగ్గరే. దాన్ని తయారుచేసిన పోలీసు అధికారి వ్యాస్ గారిని 1993లో నక్సలైట్లు కాల్చి చంపింది ఇక్కడి ఎల్బీ స్టేడియంలోనే. 'ఎన్‌కౌంటర్' అనే మాటని పొద్దున్నే కాఫీతో పాటు పేపర్లో చదువుతూ పెద్దయ్యాం. రాత్రి పూట చేసే పని, మర్నాడు వచ్చే ప్రకటన, ఆ రెండింటి మధ్య ఉండే దూరం మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మా కొలీగ్ అన్నది వేరు. "ఆఫీస్ ట్రైనింగ్‌లో శవాల గురించి ఎందుకండీ? మోటివేషన్ కోసం వచ్చాం. అయినా కమాండర్ ప్రతిదానికీ సారీ చెప్తూ పోతే కిందవాళ్ళకి ధైర్యం ఏముంటుంది, మళ్ళీ ఎవడు గోడ దూకుతాడు?" మొదటి మాటకి నా జవాబు సులువు. శవాలు వద్దనుకుంటే సైన్యాధికారిని పాఠానికి తెచ్చుకోకూడదు. ఆయన పేరు వెనకున్న బరువంతా వాడుకుని దుప్పటి ఒక్కటే తీసుకోవడం ఆ చనిపోయినవాళ్ళకీ, ఆయనకీ కూడా అన్యాయం. రెండో మాట దగ్గర మాత్రం తడబడ్డాను. నిజంగానే కిందవాళ్ళ ధైర్యం పోతుందా? నేనెప్పుడూ తుపాకీ పట్టుకోలేదు, నాకెలా తెలుస్తుంది?

పలాలి రాత్రి

మా కింది ఫ్లాట్‌లో సుబేదార్ అంకుల్ ఉంటారు. కరీంనగర్ వైపువారు, సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం ఈఎంఈలో చేసి రిటైరయ్యారు. 1987లో శాంతిదళంతో శ్రీలంక వెళ్ళారు, అప్పటికి నాయక్. శనివారం పొద్దున వాకింగ్ అయ్యాక మెట్ల మీద కూర్చుని కాళ్ళు రుద్దుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చుని, మా కొలీగ్ అన్న మాటే అడిగాను.

ఆయన జవాబు చెప్పకుండా జాఫ్నా గురించి మొదలుపెట్టారు. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మీద మన పారా కమాండోలని, 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌ని పలాలి విమానస్థావరం నుంచి హెలికాప్టర్లతో దించారు. ఎల్‌టీటీఈ నాయకుల్ని పట్టుకోవాలని పథకం. ఎల్‌టీటీఈ వాళ్ళు మన రేడియో మాటలు ముందే విని కాచుకుని కూర్చున్నారు. దిగిన 30 మంది సిక్కు సైనికుల్లో 29 మంది చనిపోయారు, ఒకరు బందీగా దొరికారు. కమాండోలు కూడా ఆరుగురు పోయారు. మెక్‌రేవెన్ రాసిన ఆరు సూత్రాల్లో గుట్టు ఒక్కటి పోతే మిగతావి ఏ పనికీ రావని ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

"నేను పలాలిలనే ఉన్న. బండ్లు రిపేరు చేసుడు మా పని," అన్నారు. "హెలికాప్టర్లు తూట్లు పడి వచ్చినయ్. మల్ల పోలేకపాయె. ఆడ దిగిన పోరగాండ్లు రేడియోల పిలుస్తనే ఉన్నరని మాకు తెల్లారినంక తెలిసింది."

కాసేపు ఆగారు. కుడికాలి మోకాలు మీద చెయ్యి అలాగే ఉంది.

"సారీ చెప్తే ధైర్యం పోతదని ఎవరన్నరమ్మా? మాకు ధైర్యం పోయింది ఎవ్వలు ఏం చెప్పకపోతే. తప్పు ఎవలదో వాళ్ళలో వాళ్ళు కొట్లాడుకున్నరు, పుస్తకాలు రాసుకున్నరు. పైనుంచి ఒక్కడన్న వచ్చి 'నాది' అని మా ముందట నిలబడితే, ఆ పూట మాకు బువ్వ దిగుతుండె."

నేను గర్దేజ్ సంగతి మొత్తం చెప్పాను. బారసాల దగ్గర్నుంచి గొర్రెల దాకా. మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నారు. చివర్లో ఒక్కటే అడిగారు.

"ఇంట్లకు రానిచ్చిండ్రా?"

"రానిచ్చారంకుల్."

తల ఊపి, రెయిలింగ్ పట్టుకుని లేచారు.

ట్రైనింగ్ చూసే హెచ్‌ఆర్ వాళ్ళకి మెయిల్ రాశాను. వచ్చే నెల బ్యాచ్‌కి ఆ వీడియో వేసేటట్టయితే తర్వాత నాకు అరగంట ఇవ్వమని, ఖతాబా గురించి, వల కంచె గురించి మాట్లాడతానని. ఇంకా జవాబు రాలేదు.

ఖమ్మం పిల్లాడి నంబర్ నా ఫోన్‌లో అలాగే ఉంది. శనివారం సాయంత్రం చేస్తే ఎత్తలేదు. ఆదివారం తనే తిరిగి చేశాడు. అమ్మకి ఒంట్లో బాగాలేక ఊరెళ్ళాడట. టెస్ట్ డేటా గురించి చెప్పాను, 'ఓకే' అన్నది నేనేనని చెప్పాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఎక్కడో టీవీ వినపడుతోంది.

"ఆ మెయిల్ అప్పుడే చదివారా మేడం?" అని అడిగాడు.

చదివానన్నాను.